ఒకే పేజీలో రెండు ఊచకోతలు: ఒక వార్తా డెస్కు కేస్ స్టడీ

2025 ఏప్రిల్ 12, శనివారం రాత్రి ఉప్పల్ స్టేడియంలో పంజాబ్ కింగ్స్ మొదట బ్యాటింగ్ చేసి 6 వికెట్లకు 245 పరుగులు చేసింది. సన్‌రైజర్స్ హైదరాబాద్ 2 వికెట్లు మాత్రమే పోగొట్టుకుని, ఇంకా 9 బంతులు మిగిలి ఉండగానే ఆ లక్ష్యాన్ని దాటేసింది. అభిషేక్ శర్మ 55 బంతుల్లో 14 ఫోర్లు, 10 సిక్సర్లతో 141 పరుగులు చేశాడు. ఐపీఎల్‌లో ఒక భారతీయ బ్యాటర్ అప్పటిదాకా చేసిన అత్యధిక స్కోరు అది. నేను పనిచేసే తెలుగు వార్తా వెబ్‌సైటులో రాత్రి షిఫ్టులో ఉన్న సబ్ ఎడిటర్ ఆ కథనానికి ‘పంజాబ్‌ను ఊచకోత కోసిన అభిషేక్’ అని శీర్షిక పెట్టి, అర్ధరాత్రి దాటాక ఇంటికి వెళ్లిపోయాడు.

తెల్లవారితే ఏప్రిల్ 13. ఆ తేదీ కోసం మేము ముందుగానే రాసి, సమయం పెట్టి ఉంచిన ప్రత్యేక కథనం ఉదయం ఆరు గంటలకు దానంతటదే హోమ్ పేజీ మీదికి వచ్చింది. 1919లో అదే రోజున, వైశాఖి పండుగ నాడు, అమృత్‌సర్‌లోని జలియన్‌వాలాబాగ్‌లో డయ్యర్ ఆజ్ఞ మీద సైనికులు నిరాయుధులైన జనం మీద దాదాపు పది నిమిషాల పాటు 1,650 తూటాలు పేల్చారు. 379 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. వెయ్యి మంది దాకా ఉంటారని కాంగ్రెస్ విచారణ సంఘం చెప్పింది. మా శీర్షిక ‘జలియన్‌వాలాబాగ్ ఊచకోతకు 106 ఏళ్లు’. ఆ రెండు శీర్షికలూ రెండు గంటలకు పైగా ఒకదాని కింద ఒకటి నిలబడి ఉన్నాయి. రెండింటిలోనూ పంజాబే ఉంది, రెండింటిలోనూ ఆ మాటే ఉంది; అభిషేక్ పుట్టిన ఊరు కూడా అమృత్‌సరే.

ఎనిమిది దాటాక ఒక పాఠకుడు ఫోన్ చేశారు. చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. ఆయన గొంతులో కోపం లేదు. ‘అమ్మా, మా మనవడు ఫోన్లో ఈ రెండూ చదివి, రెండో దాంట్లో స్కోరు ఎంత తాతయ్యా అని అడిగాడు. వాడికి నేనేం చెప్పాలో మీరు చెప్పండి’ అన్నారు. క్షమాపణ చెప్పి, శీర్షికను ‘55 బంతుల్లో 141: అభిషేక్ ధాటికి కరిగిపోయిన 246 లక్ష్యం’ అని మార్చాను. మార్చడానికి అర నిమిషం పట్టింది. ఆ తర్వాత మా డెస్కులో నెలల తరబడి సాగిన పనిని ఇక్కడ నమోదు చేస్తున్నాను. వార్తలు, సినిమా సమీక్షలు, వీడియోల మీద రాతలు రాసేవారికీ, తెలుగు పాఠం చెప్పేవారికీ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

శీర్షిక రాసిన మనిషి

ఆ సబ్ ఎడిటర్ నిర్లక్ష్యంగా పనిచేసే మనిషి కాడు. రాయలసీమలోని ఒక చిన్న పట్టణం నుంచి వచ్చాడు, తెలుగు మాధ్యమంలో చదివాడు, మా డెస్కులో అచ్చుతప్పులు అందరికంటే తక్కువ వచ్చేది అతని కాపీలోనే. మధ్యాహ్నం షిఫ్టుకు రాగానే రెండు శీర్షికలూ పక్కపక్కన అచ్చు తీసి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ మాటకు చంపడం అనే అర్థం ఉందని నాకు తెలుసు మేడమ్. రాసేటప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు’ అన్నాడు.

ఈ కేసు మొత్తానికి కీలకం ఆ వాక్యమే. మాట అర్థం మారడమంటే నిఘంటువులోని అర్థం పోయి, దాని స్థానంలోకి కొత్తది రావడమని మనం అనుకుంటాం. నిజానికి మొదట జరిగేది అది కాదు. రెండు అర్థాలూ తెలిసిన మనిషికి ఏ అర్థం ముందు తోస్తుందన్నదే మొదట మారుతుంది. ఎప్పుడు ఆ మాట మొదటిసారి చదివావని అడిగితే, హైస్కూల్లో ఉండగా తన అభిమాన నటుడి పేరు మీద నడిచే ఫేస్‌బుక్ పేజీలో ‘రికార్డుల ఊచకోత’ అని చూశానని చెప్పాడు. చరిత్ర పుస్తకంలో జలియన్‌వాలాబాగ్ పాఠం అంతకు ముందే చదివి ఉంటాడు. కానీ పాఠం ఒకసారి చదివాడు, పోస్టులు రోజుకు పదిసార్లు చదివాడు.

మాట నడిచిన దారి

మా పాత కాపీలను వెనక్కి తిరగేస్తూ వెళ్లాను. పదిహేనేళ్ల కిందటి క్రికెట్ వార్తల్లో బ్యాటర్ ‘చెలరేగాడు’, ‘విజృంభించాడు’, ‘వీరవిహారం చేశాడు’, మరీ గట్టిగా చెప్పాలంటే ‘శివాలెత్తాడు’, ‘చితక్కొట్టాడు’. పరుగులు ‘వరద’ అయ్యేవి, సిక్సర్లు ‘వాన’ అయ్యేవి. ఇవీ అరిగిపోయిన మాటలే, కానీ అవి దెబ్బ దగ్గరే ఆగాయి, చావు దాకా వెళ్లలేదు. ఊచకోత అనే మాట అప్పుడు నేర వార్తల్లోనూ, యుద్ధ వార్తల్లోనూ, వార్షికోత్సవ కథనాల్లోనూ మాత్రమే కనిపించింది.

అది ఆటలోకి నేరుగా రాలేదు, సినిమా మీదుగా వచ్చింది. అభిమానుల మధ్య పోటీ పాతదే. కటౌట్లు, పాలాభిషేకాలు, హాలు ముందు తీన్‌మార్ ఎప్పటి నుంచో ఉన్నాయి. అయితే హాలు ముందు అరిచిన మాట ఆ వీధి దాటి వెళ్లేది కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైన తర్వాత ఆ అరుపు రాతలోకి మారింది. రాతగా మారిన అరుపును లెక్కపెట్టవచ్చు. ఒక పోస్టుకు ఎన్ని లైకులు, ఎన్ని షేర్లు, ఏ హ్యాష్‌ట్యాగు ఎంతసేపు ట్రెండింగులో ఉంది అన్నవన్నీ అంకెలుగా కళ్లెదుట కనిపిస్తాయి. స్పందన ఎక్కువ వచ్చిన పోస్టునే ఆ వేదికలు మరింత మందికి చూపిస్తాయి. అలాంటి చోట ‘సినిమా బాగా ఆడుతోంది’ అన్న మనిషిని ఎవరూ పట్టించుకోరు, ‘ఇరగదీసింది’ అన్నవాడు కాసేపు నిలుస్తాడు. పక్కవాడు ‘విధ్వంసం’ అనగానే ఇతని మాట వెలిసిపోతుంది. అప్పుడు ‘ఊచకోత’ వస్తుంది. అది అలవాటైపోయాక ‘నరమేధం’ వస్తుంది. ఒక్కొక్క మెట్టు ఎక్కేసరికి కింది మెట్టు మాట చప్పబడుతుంది. ఇది ఏ ఒక్కరూ కావాలని చేసిన పని కాదు. తన మాట వినపడాలని ప్రతి ఒక్కరూ కొంచెం గొంతు పెంచారు, అంతే.

ఇందులో లిపికి కూడా పాత్ర ఉందని నా అనుమానం. అభిమానుల పోస్టుల్లో ఎక్కువ భాగం తెలుగు మాటలే, కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. ఈ అలవాటు ఫోన్లతో పుట్టింది కాదు. 1990లలో విదేశాల్లోని తెలుగువారు ఇంటర్నెట్ మీద మాట్లాడుకోవడానికి ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిని వాడేవారు, అందులో హ్రస్వానికీ దీర్ఘానికీ, లకారానికీ ళకారానికీ తేడా చూపే కట్టుబాటు ఉండేది. ఫోన్లో టైపు చేసేవారికి ఆ కట్టుబాటుతో పని లేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినప్పుడు ఊచకోత అన్నది మనకు పాఠ్యపుస్తకంలో కనిపించిన రూపంలో ఉండదు. పొలానికి సంబంధించిన కోత అందులో ఉందన్న సంగతి కంటికి ఆనదు. అది చుట్టూ ఏ జ్ఞాపకమూ లేని కొత్త శబ్దంలా కనిపిస్తుంది. అదే మాట తర్వాత యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద పెద్ద తెలుగు అక్షరాల్లోకి తిరిగి వస్తుంది. అక్కడ కొన్నిసార్లు ‘ఉచకోత’ అని హ్రస్వంతో కూడా చూశాను. ఆ మాట పుస్తకం నుంచి కాక ఇంగ్లిష్ అక్షరాల నుంచి వచ్చిందని ఆ అచ్చుతప్పే చెబుతోంది.

థంబ్‌నెయిళ్ల నుంచి సినిమా వార్తల వెబ్‌సైట్లకు, అక్కడి నుంచి ఆటల పేజీలకు, టీవీ స్క్రోలింగులకు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. మా వంటి డెస్కుల తప్పు ఇక్కడే ఉంది. ఒకప్పుడు వీధిలో పుట్టిన మాట పత్రికలోకి రావాలంటే ఎవరో ఒకరు దాన్ని చూసి ‘ఉండనీ’ అనో, ‘వద్దు’ అనో అనాలి. ఇప్పుడు ‘నెటిజన్లు ఏమంటున్నారు’ అన్నదే వార్త కాబట్టి, వారి మాట మా మాటగా మారిపోతున్న క్షణాన్ని మేము గమనించడం మానేశాం.

పాత మాటలు కూడా ఇలాగే మారాయి కదా

మారాయి, అందులో సందేహం లేదు. సోది ఎరుకలసాని చెప్పేది. నమ్మి, చెయ్యి చాపి, చెవులు రిక్కించి వినే మాట. ఇప్పుడు సోది అంటే వినలేక విసిగిపోయే మాట. సుత్తి కమ్మరి చేతిలో పనిముట్టు. 1980ల మొదట్లో జంధ్యాల సినిమాల ద్వారా అది విసిగించే మాటలకు పేరై, ఇద్దరు నటుల ఇంటిపేరుగా కూడా స్థిరపడిపోయింది. ‘ఇంట గెలిచి రచ్చ గెలవాలి’ అన్న సామెతలో రచ్చ అంటే నలుగురు కూర్చునే చోటు, ఊరి తీర్పు చెప్పే చోటు. రచ్చబండ అందుకే రచ్చబండ అయింది. ఇవాళ ‘రచ్చ రచ్చ చేశారు’ అనే కుర్రవాడికి ఆ బండ గుర్తుకు రాదు, రావలసిన అవసరమూ లేదు. పులిహోర కలపడమంటే అమ్మాయితో తీయగా మాట్లాడడమని ఈ తరం పిల్లలు అంటుంటే, ఆ పోలిక ఎవరికి మొదట తోచిందో గాని ఎంత తెలుగుదో అని నాకు ముచ్చటేస్తుంది.

కఠినమైన మాటను మెప్పుగా వాడడం కూడా మనకు కొత్త కాదు. ‘చంపేశావు పో’ అని పాట విన్న అమ్మమ్మ మెచ్చుకుంటుంది. ‘దారుణంగా నచ్చింది’, ‘చచ్చేంత ఇష్టం’ అన్నవి మన ఇళ్లలో అందరూ అనేవే. కానీ వాటిని అనేటప్పుడు ఎదుట ఒక ముఖం ఉంటుంది, నవ్వు ఉంటుంది, గొంతులో విరుపు ఉంటుంది. వినేవారు బాధలో ఉంటే మాట నోట్లోనే ఆగిపోతుంది. శవం ఉన్న ఇంట్లో ఎవరూ ‘చంపేశావు పో’ అనరు. శీర్షికకు ఆ చూపు లేదు. తన పక్కన ఏ వార్త ఉందో, తనను చదువుతున్నది ఎవరో దానికి తెలియదు. మాటలో చెల్లేది రాతలో చెల్లకపోవడానికి కారణం ఇదే కాని, రాత గొప్పదనీ మాట తక్కువదనీ కాదు.

డెస్కులో జరిగిన చర్చ

ఆ వారం జరిగిన సమావేశంలో నేను ఊహించని రెండు అభ్యంతరాలు వచ్చాయి, రెండూ నన్ను ఆలోచనలో పడేశాయి.

మొదటిది ఒక సీనియర్ సహోద్యోగి నుంచి వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులు పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, ఆయన జనం నోటి భాషను రాతలోకి తేవాలని పోరాడితే మనం మళ్లీ మాటల మీద కాపలా పెడుతున్నామా అని ఆయన అడిగారు. నేను చెప్పిన సమాధానం ఇది: గిడుగు వాదన, రాత అనేది చదివేవారికి అందాలన్నది. చచ్చిపోయిన రూపాలను బలవంతంగా రాయించడం వల్ల చదువు జనానికి దూరమవుతోందన్నది ఆయన ఆవేదన. మన శీర్షిక ఆ పరీక్షలోనే తప్పింది. అది ఒక పిల్లవాడికి జలియన్‌వాలాబాగ్ ఆట అయినట్టు తోపించింది. ఆయన ఒప్పుకున్నారో లేదో నాకు చెప్పలేదు, కానీ ఆ తర్వాత నియమం రాసేటప్పుడు వాక్యం వాక్యం దగ్గర నాతో కూర్చున్నారు.

రెండో అభ్యంతరం జగిత్యాల ప్రాంతం నుంచి వచ్చిన యువ సహోద్యోగిని లేవనెత్తింది. ‘ఇవాళ ఊచకోత ఆపుతారు మేడమ్, రేపు మా లొల్లి కూడా ఆపుతారు’ అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే నేను ఆ పని చేసినదాన్నే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ‘లొల్లి’ని ‘గొడవ’గా, ‘ఆగమాగం’ను ‘గందరగోళం’గా మార్చి, కాపీ శుభ్రం చేశానని అనుకునేదాన్ని. కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల చదువుకున్నవారి భాషను ప్రమాణమని నాకు నేర్పారు, నేను దాన్నే పాటించాను. సినిమాల్లో చాలా కాలం తెలంగాణ యాస మాట్లాడింది హాస్యగాడో, రౌడీయో. ఆ యాసలో ఒక అమ్మ బాధపడడం, ఒక పెద్దాయన తీర్పు చెప్పడం తెర మీద వినడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ పరిస్థితిని మార్చిన వాటిలో సోషల్ మీడియా ఒకటి, దాని వాటా చాలా పెద్దది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చిన ‘మై విలేజ్ షో’ వీడియోల్లో గంగవ్వ మాట్లాడిన భాష ఆమె ఊరి భాష. దాన్ని ఎవరూ సరిదిద్దలేదు. గుంటూరులో ఉన్నవారూ, డల్లాస్‌లో ఉన్నవారూ అలాగే విన్నారు. 2020లో ఆమె బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్లినప్పుడు కూడా అదే భాషతో వెళ్లింది. టీవీలో ‘తీన్మార్’ వార్తలు తెలంగాణ మాటల్లో వార్త చెప్పవచ్చని ముందే చూపించాయి. ఆ ముక్కలు యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో తిరిగిన తర్వాత ఆ మాటలు జిల్లాల సరిహద్దులు దాటాయి. ఇవాళ విజయవాడ పిల్లలు ‘మస్తుంది’ అని రాస్తున్నారు, ‘చేసుడు’, ‘పోవుడు’ వంటి రూపాలు అక్కడి వ్యాఖ్యల్లో కనిపిస్తున్నాయి. ఉత్తరాంధ్ర ‘ఏటి’కీ, సీమ ‘ఏమప్పా’కీ కూడా రీల్స్‌లో ఇలాంటి చోటే దొరికింది. ప్రమాణ భాష పేరుతో మేము దశాబ్దాలుగా మూసి ఉంచిన తలుపు అది. దాన్ని మేము తెరవలేదు. ఫోన్ పట్టుకున్న పల్లె మనుషులు తెరిచారు. అరువు తెచ్చుకున్న యాసలో తప్పులు దొర్లుతాయి, ఎగతాళికి వాడేవారూ ఉంటారు. అయినా ఒక అమ్మాయి తన ఇంటి మాటను ఆఫీసులో సిగ్గుపడకుండా పలకగలగడం నాకు చాలా పెద్ద విషయం. ఆమె మాటతో నా ఆలోచన మారింది, మా నియమం కూడా మారింది.

అందువల్ల మా ముందున్న ప్రశ్న యాస మాటలు, కొత్త మాటలు ఉండాలా వద్దా అన్నది కాదని తేలింది. లొల్లి రావడం వల్ల గొడవ అన్న మాటకు నష్టం జరగలేదు, భాషకు ఇంకొక మాట దొరికింది. ఊచకోత సిక్సర్లకు పేరైతే మాత్రం, చనిపోయినవారికి పెట్టుకున్న మాట ఒకటి మన దగ్గర తగ్గుతుంది.

కొత్త క్రియల సంగతి

నియమం రాసే పనిలో సోషల్ మీడియా మాటల జాబితా ఒకటి వేసుకున్నాం. తెలుగు చెడిపోతోందన్న భయం ఉన్నవారు ఆ జాబితా చూస్తే ఊరట పొందుతారు. బయటి నుంచి వచ్చిన మాటను తెలుగు ఊరికే నోట్లో వేసుకోదు, తన వ్యాకరణంలో నమిలి మింగుతుంది. పోస్టు ‘పెడతారు’, స్టోరీ కూడా ‘పెడతారు’, ఎందుకంటే అది గోడ మీద కాగితం పెట్టినట్టు నలుగురికీ కనిపించేలా ఉంచే పని. లైకు ‘కొడతారు’, బెల్లు కొట్టడం, హారను కొట్టడం, సెల్యూట్ కొట్టడం ఎలాగో ఇదీ అలాగే, వేలితో ఒక్క దెబ్బ. షేరు, బ్లాకు, ట్రోలు మాత్రం ‘చేస్తారు’. అన్నిటికంటే ఆసక్తికరమైనది ‘ఫాలో’. ‘నన్ను ఫాలో అవ్వండి’ అంటాం. కర్మ ద్వితీయా విభక్తిలో ఉన్నా క్రియ ‘అవ్వు’. ‘నిన్ను మిస్ అయ్యాను’ కూడా ఇదే తరహా. అయితే వదిలేసేటప్పుడు ‘అన్‌ఫాలో చేశాడు’ అంటున్నారు. వెంట నడవడం తనంతట తాను ఒక స్థితిలోకి వెళ్లడం, వదిలేయడం తెలిసి చేసే పని అన్న తేడా ఇందులో ఉన్నట్టు నాకు తోస్తుంది. ఈ తేడాను ఏ సంఘమూ నిర్ణయించలేదు, ఏ పండితుడూ నేర్పలేదు. ఇలాంటి రూపాలన్నిటినీ మేము మార్పు లేకుండా అంగీకరించాం. ‘అనుసరించండి’ అని సరిదిద్దడం మానేశాం.

మేము పెట్టుకున్న నియమం

ఊచకోత, నరమేధం, మారణహోమం, మారణకాండ, హత్యాకాండ అన్న మాటలను మనుషులు చనిపోయినప్పుడు తప్ప మరి దేనికీ వాడకూడదని నిర్ణయించాం. అత్యాచారం, దానికి ఇంగ్లిష్ మాట, ఏ పోలికకూ వాడకూడదని అంతకంటే గట్టిగా రాసుకున్నాం. ఆన్‌లైన్ ఆటల వ్యాఖ్యల్లో ఓటమికి ఆ మాట వాడడం మామూలైపోయింది, అది మా వీడియో రాతల్లోకి ఒకసారి దాదాపు వచ్చేసింది. ‘దుమ్ము లేపాడు’, ‘ఇరగదీశాడు’, ‘కుమ్మేశాడు’, ‘రచ్చ’ ఆటల్లో, సినిమాల్లో ఉండవచ్చు, కానీ నిజమైన దాడి, ఘర్షణ వార్తల్లో ఉండకూడదు. ఎవరైనా ఎవరినైనా నిజంగా కొడితే ‘కుమ్మేశాడు’ అనడం వల్ల దెబ్బ తిన్న మనిషి తేలికైపోతాడు.

ఎందుకింత పట్టుదల అని అడిగిన కొత్తవారికి నేను జలియన్‌వాలాబాగ్ ఒక్కటే చెప్పలేదు. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో దళితులను తరిమి తరిమి ఎనిమిది మందిని చంపారు. 1948లో బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరి మనుషులను కాల్చి చంపారు. ఈ ఊళ్లలో ఆ రోజులు చూసినవారు, వారి పిల్లలు ఇంకా ఉన్నారు. వారూ మా పాఠకులే. వారి ఇంట్లో జరిగినదానికి తెలుగులో ఉన్న మాట ఊచకోత. ఆ మాటను ఓవరుకు ఇరవై పరుగులకు ఖర్చు పెట్టేస్తే, వారి విషయం రాయవలసి వచ్చిన రోజున మేము ఏ మాట వాడాలి?

పాఠకుల సంఖ్య చూసే సహోద్యోగికి ఒక ఆందోళన ఉండింది: పక్క సైట్లన్నీ ‘ఊచకోత’ అంటుంటే మన శీర్షిక చప్పగా కనిపిస్తుందేమోనని. మ్యాచ్ గురించి వెతికేవారు ఆటగాడి పేరూ స్కోరూ కొడతారు, విశేషణం కొట్టరు కదా అని ఆలోచించి, అంకెను శీర్షిక ముందుకు తెచ్చే పద్ధతి పెట్టుకున్నాం. 55 బంతుల్లో 141 అన్నదానికంటే బలమైన విశేషణం తెలుగులో ఏముంది?

పది రోజుల తర్వాత

ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్ లోయలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. చనిపోయినవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. ఆ సాయంత్రం డెస్కులో ఉన్నది ఆ సబ్ ఎడిటరే. ‘పహల్గాంలో పర్యాటకుల ఊచకోత’ అని రాసి, పంపే ముందు నా వైపు తిరిగి, ‘ఇది వాడవచ్చా మేడమ్?’ అని అడిగాడు. వాడమన్నాను. మర్నాడు ఉప్పల్‌లో సన్‌రైజర్స్, ముంబయి ఇండియన్స్ ఆటగాళ్లు చేతికి నల్ల పట్టీలు కట్టుకుని మైదానంలోకి దిగారు. ఆ మ్యాచ్‌లో ముంబయి ఏడు వికెట్ల తేడాతో గెలిచింది. మా కాపీలో ‘హైదరాబాద్‌పై ముంబయి విజయం’ అని ఉంది. అంతకంటే పెద్ద మాట రాయాలని ఆ రాత్రి ఎవరికీ అనిపించలేదు.

అయితే దీన్ని పూర్తి విజయంగా చెప్పడానికి లేదు. తర్వాతి నెలల్లో ఆ మాట మళ్లీ మళ్లీ వచ్చింది. ఎక్కువసార్లు శీర్షికలో కాదు, ఫోన్లకు వెళ్లే నోటిఫికేషన్లలో వచ్చింది, ఎందుకంటే అవి రాసేది వేరే బృందం, వారికి మా నియమం చేరలేదు. ఒకసారి బయటి నుంచి వచ్చిన సినిమా కాపీలో ‘వసూళ్ల నరమేధం’ మూడో పేరాలో దాక్కుని ఉంటే ముగ్గురం చదివినా గమనించలేదు. మాట కంటికి అలవాటైపోతే ఎంత అనుభవం ఉన్నా తప్పించుకుపోతుందని దాంతో తెలిసింది. అందువల్ల ఆ అయిదు మాటలనూ కాపీ పెట్టే సాఫ్ట్‌వేరులోనే ఎర్ర రంగులో కనిపించేలా చేయించాం. ఆపదు, అడుగుతుంది: మనుషులు చనిపోయారా?

ఆ కుర్రవాడు ఇప్పుడు శీర్షికలకు అభిమానుల భాషలోనే వెతుకుతున్నాడు, అందులోనే మంచివి దొరుకుతున్నాయి. మరో భారీ స్కోరు మ్యాచ్‌కు ‘ఉప్పల్‌లో పరుగుల జాతర’ అని పెట్టాడు. ‘మాస్ జాతర’ అన్నది సోషల్ మీడియాలో బాగా తిరిగిన మాట. జాతర జనం గుమిగూడి సంబరపడే సందర్భం కాబట్టి నిండిన స్టేడియానికి అతికినట్టు సరిపోయింది, ఎవరినీ గాయపరచలేదు. నేను అక్షరం కూడా మార్చలేదు.

జాబితాలో ఇంకా తేలని మాటలు రెండున్నాయి. ఒకటి ‘తాండవం’, రెండోది ‘విధ్వంసం’. బ్యాటింగుకు విధ్వంసం అనడం మా పాత కాపీల్లోనూ ఉందని జగిత్యాల సహోద్యోగిని చూపించింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మేము రోజుల తరబడి అదే మాట రాశామని సీనియర్ సహోద్యోగి గుర్తు చేశారు. ఇద్దరి మాటా నిజమే. బోర్డు మీద ఆ మాటకు ఎదురుగా ప్రస్తుతానికి ‘చర్చలో ఉంది’ అని రాసి ఉంది.